శిక్ష పడుతూనే ఉంది, తప్పు జరుగుతూనే ఉంది: తరగతి గదిలో పర్యవసానాల ఎంపిక

ఒక బడిలో క్రమశిక్షణ రిజిస్టరు తీసి మూడు నాలుగు నెలల పేజీలు వరుసగా చదివితే సాధారణంగా ఒక సంగతి కంటబడుతుంది. బడిలో వందలమంది పిల్లలున్నా అందులో మళ్లీ మళ్లీ కనిపించే పేర్లు కొన్నే ఉంటాయి. ఆ పేర్ల పక్కన రాసిన తప్పులూ అవే, వాటికి వేసిన శిక్షలూ అవే. పాఠం మధ్యలో మాట్లాడినందుకు మొదటి నెలలో బయట నిలబెట్టిన పిల్లవాణ్ణి నాలుగో నెలలోనూ మాట్లాడినందుకే బయట నిలబెట్టి ఉంటారు. ఈ పేజీలు చూసి ‘కొందరు పిల్లలు మారరు’ అనుకోవడం తేలిక. కాని అవే పేజీలను ఇంకోలా కూడా చదవవచ్చు. ఒకే పనికి ఒకే శిక్ష పదిసార్లు వేశాక కూడా ఆ పని పదకొండోసారి జరిగిందంటే, ఆ రిజిస్టరు పిల్లవాడి మొండితనం కంటే ఆ శిక్ష పనితనం గురించే మనకు ఎక్కువ చెబుతోంది.

మన భాషలో శిక్ష అనే మాటకు ఒక చరిత్ర ఉంది. సంస్కృతంలో దాని మొదటి అర్థం నేర్చుకోవడం, నేర్పడం; వేదాంగాల్లో ఉచ్చారణను నేర్పే శాస్త్రానికి శిక్ష అనే పేరు. ‘శిక్షణ’ అన్నప్పుడు ఆ అర్థం ఇప్పటికీ నిలిచే ఉంది, ‘శిక్ష’ అన్నప్పుడు మాత్రం వాడుకలో దండన ఒక్కటే మిగిలింది. అందుకే ఈ వ్యాసంలో ‘పర్యవసానం’ అనే మాటను ఎక్కువగా వాడుతున్నాను. విద్యార్థి తప్పు చేసిన తరువాత పెద్దవాళ్లు ఉద్దేశపూర్వకంగా ఏర్పాటు చేసే ఏ ఫలితమైనా, అది మందలింపు కావచ్చు, ఒక అవకాశాన్ని కొంతసేపు ఆపడం కావచ్చు, చెడగొట్టినదాన్ని తిరిగి బాగుచేయించడం కావచ్చు, అన్నీ ఈ మాటలోకే వస్తాయి.

పర్యవసానాన్ని ఎంచుకునేటప్పుడు మనం సాధారణంగా వేసుకునే ప్రశ్న ‘ఈ తప్పుకు ఎంత శిక్ష తగును?’ అన్నది. అది న్యాయమూర్తి అడగవలసిన ప్రశ్న. టీచరు దానికంటే ముందు అడగవలసినది మరొకటి ఉంది: ఈ పని చేయడం వల్ల ఈ పిల్లవాడికి ఏం దొరుకుతోంది? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ఎంచుకున్న పర్యవసానం ఎంత కఠినమైనదైనా చీకట్లో విసిరిన రాయే. తగిలితే తగలవచ్చు, తగలకపోవడానికే అవకాశం ఎక్కువ.

ఇందుకు కారణం ప్రవర్తనా శాస్త్రంలో ఉంది. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ తరువాత వచ్చిన పరిశోధకులు శిక్షను దాని రూపాన్నిబట్టి నిర్వచించలేదు, దాని ఫలితాన్నిబట్టి నిర్వచించారు. ఒక పని వెంట వచ్చిన ఫలితం వల్ల ఆ పని మున్ముందు తగ్గితేనే అది దండన. పెరిగితే, ఇచ్చినవారి ఉద్దేశం ఏదైనా, అది పునర్బలనం. ఈ లెక్కన కోపంగా అరవడం శిక్షో బహుమతో ముందే చెప్పలేము, తరువాతి వారం ఏం జరిగిందో చూసి చెప్పాలి. 1968లో వెస్లీ బెకర్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక చిన్న పరిశోధన దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది. ఒకటో తరగతి పిల్లలు అస్తమానం లేచి తిరుగుతుంటే, ‘కూర్చోండి’ అని టీచర్లు చెప్పే సార్లను పెంచి చూశారు. చెప్పిన ప్రతిసారీ పిల్లలు కూర్చున్నారు, కాని మొత్తం మీద లేచి తిరగడం పెరిగింది. కుదురుగా కూర్చుని పని చేసుకుంటున్నవాళ్లను మెచ్చుకోవడం మొదలుపెట్టినప్పుడు తగ్గింది. ఇందులో టీచర్లను తప్పుదారి పట్టించినది ఏమిటో గమనించాలి. చెప్పగానే పిల్లలు కూర్చున్నారు కాబట్టి చెప్పడం పని చేస్తోందనే వాళ్లకు అనిపించి ఉంటుంది. ఆ క్షణంలో కలిగే ఫలితం ఒకటి, వారం మొత్తానికి కలిగే ఫలితం దానికి సరిగ్గా ఎదురు.

పిల్లవాణ్ణి క్లాసు బయటికి పంపడం అనే అలవాటులో ఈ చిక్కు ఇంకా లోతుగా ఉంది. లెక్కల పీరియడ్ అనుకుందాం. భిన్నాలు ఏమాత్రం అర్థంకాని ఒక పిల్లవాడు, బోర్డు దగ్గరికి పిలుస్తారేమోననే భయంతో కూర్చుని ఉన్నాడు. పక్కవాడి పుస్తకం లాగాడు, గొడవైంది, టీచరు ‘బయటికి నడు’ అన్నారు. ఆ పిల్లవాడికి ఆ మాటతో భిన్నాల బాధ తప్పింది. పదిమందిలో తెలివితక్కువవాడిగా నిలబడటం కంటే అల్లరివాడిగా బయట నిలబడటం అతనికి ఎంతో గౌరవంగా తోస్తుంది. ఇటు టీచరుకు కూడా ఊరట దొరికింది: గది నిశ్శబ్దమైంది, పాఠం సాగింది. ఇబ్బంది తొలగిపోవడం వల్ల ఒక పని బలపడటాన్ని రుణాత్మక పునర్బలనం అంటారు. ఇక్కడ ఒక్క ‘బయటికి నడు’తో ఇద్దరి అలవాట్లూ బలపడ్డాయి, పిల్లవాడికి గొడవ చేయడం, టీచరుకు బయటికి పంపడం. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండానే శిక్షణ ఇచ్చుకుంటున్నారు. ఏడాది చివరికి ఆ పిల్లవాడికి భిన్నాలు మరింత రావు కాబట్టి, తప్పించుకోవలసిన అవసరం మరింత పెరుగుతుంది. బడిలో కనిపించే శిక్షల్లో నన్ను అన్నిటికంటే కలతపెట్టేది ఇదే, ఎందుకంటే ఇందులో ఎవరూ క్రూరులు కారు, అందరూ తమకు తోచిన మంచే చేస్తున్నారు.

పిల్లలకు తప్పుడు ప్రవర్తన వల్ల దొరికేవాటిని పరిశోధకులు కొన్ని పెద్ద తరగతులుగా చూస్తారు. టీచరు దృష్టి లేదా తోటివారి దృష్టి. కష్టమైన, విసుగైన, సిగ్గనిపించే పని నుంచి తప్పించుకోవడం. కావలసిన వస్తువో అవకాశమో చేజిక్కించుకోవడం. కదలడం, ఏదో ఒకటి తాకడం వంటి వాటివల్ల శరీరానికి కలిగే ఊరట. ఒకే పని వెనుక వేర్వేరు కారణాలు ఉండవచ్చన్నది ఇక్కడ ముఖ్యమైన సంగతి. పాఠం మధ్యలో మాట్లాడుతున్న ముగ్గురిని తీసుకోండి. ఒకడు వెనుక బెంచీ నవ్వుల కోసం మాట్లాడుతున్నాడు. రెండోవాడికి పాఠం అందడం లేదు, ఆ సంగతి బయటపడకుండా మాటలతో కప్పుకుంటున్నాడు. మూడో అమ్మాయికి బోర్డు మీది అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి కనుక పక్కనున్న అమ్మాయిని అడిగి రాసుకుంటోంది. ముగ్గురినీ లేపి ఒకే ఇంపోజిషన్ ఇస్తే పైకి అది సమన్యాయంలా ఉంటుంది. కాని మొదటివాడికి లేచి నిలబడటమే వేదిక, రెండోవాడికి అది మరో మేలిముసుగు, మూడో అమ్మాయికి అన్యాయం. ఆ అమ్మాయికి కావలసినది ముందు బెంచీలో చోటు, తరువాత కంటి పరీక్ష.

ఏ కారణమో తెలుసుకోవడానికి మనస్తత్వ నిపుణులు కానక్కరలేదు. ఒకటి రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో మూడు విషయాలు రాసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది: తప్పు జరగడానికి సరిగ్గా ముందు ఏం జరుగుతోంది, విద్యార్థి ఏం చేశాడు, వెంటనే అతనికి ఏం ఎదురైంది. ‘అల్లరి చేశాడు’ అని రాయకూడదు; ‘చదివి వినిపించమనగానే పుస్తకం కింద పడేశాడు, అందరూ నవ్వారు, వంతు పక్కవాడికి వెళ్లింది’ అని రాయాలి. పది నమోదులయ్యేసరికి గొడవ ఎప్పుడూ ఒకే పీరియడ్‌లో వస్తోందనో, ఒకే రకమైన పని ఇచ్చినప్పుడే వస్తోందనో, ఒకే మిత్రుడు పక్కనున్నప్పుడే వస్తోందనో కనిపిస్తుంది. విద్యార్థినే ఏకాంతంగా, కోపం లేని వేళ అడగడం కూడా ఈ పనిలో భాగమే. ‘ఎందుకు చేశావు?’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ ప్రశ్న నేరారోపణలా వినిపిస్తుంది; ‘అప్పుడు ఏం జరుగుతోంది, చెప్పు’ అంటే సాధారణంగా వస్తుంది.

కారణం తెలిశాక పర్యవసానం ఎంపిక చాలావరకు దానంతటదే తేలుతుంది. తప్పించుకోవడం కోసం గొడవ చేసేవాడికి, గొడవ వల్ల పని తప్పకూడదు. కాస్త శాంతించాక, అదే పనిలో ఒక చిన్న భాగం, అతను చేయగలిగినంత, చేసి వెళ్లాలి. దానితోపాటు అతనికి మరో దారి చూపాలి: కష్టంగా ఉన్నప్పుడు చెయ్యి ఎత్తి సాయం అడగడం, రెండు నిమిషాల విరామం అడిగి తీసుకోవడం. గొడవ చేసి సంపాదించుకునేదాన్ని మాటతో అడిగితే ఇచ్చేయడమా అని కొందరికి అనిపించవచ్చు. అవును, కొంతకాలం అలాగే ఇవ్వాలి. మాటతో దొరికేదానికి గొడవ ఎందుకని పిల్లవాడికి అనుభవంలో తెలియడమే ఇక్కడి పాఠం, తరువాత ఆ విరామాల మధ్య దూరాన్ని మెల్లగా పెంచవచ్చు.

దృష్టి కోసం చేసేవాడి విషయంలో ప్రేక్షకులను తీసివేయడమే పర్యవసానం. అందరి ముందూ సుదీర్ఘంగా మందలిస్తే అతను కోరుకున్నదాన్ని మనమే పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టవుతుంది. 1970లో కె. డేనియల్ ఓలియరీ, ఆయన సహచరులు కొన్ని తరగతుల్లో మందలించే గొంతును మాత్రమే మార్చి చూశారు. తరగతి అంతటికీ వినిపించేలా మందలించినప్పటి కంటే, దగ్గరికి వెళ్లి ఆ ఒక్క విద్యార్థికే వినిపించేలా మెల్లగా చెప్పినప్పుడు అల్లరి తగ్గింది. మళ్లీ గొంతు పెంచితే పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. చెప్పిన విషయం మారలేదు, విన్నవాళ్ల సంఖ్య మారింది. అల్లరిని పూర్తిగా పట్టించుకోకుండా ఉండటం కూడా ఒక పద్ధతే కాని, దాన్ని సలహాగా ఇచ్చేవాళ్లు రెండు సంగతులు తరచుగా చెప్పరు. మొదటిది, అలవాటుపడ్డ ఫలితం ఆగిపోయినప్పుడు ప్రవర్తన తగ్గే ముందు కొన్ని రోజులు పెరగవచ్చు; ఆ పెరుగుదలకు భయపడి మూడో రోజు స్పందిస్తే, ఇంకా గట్టిగా చేస్తే దొరుకుతుందని నేర్పినట్టవుతుంది. రెండోది, మీరు పట్టించుకోకపోయినా తోటి పిల్లలు నవ్వుతూ ఉంటే అతనికి దొరకవలసినది దొరుకుతూనే ఉంటుంది. ఇక ప్రమాదకరమైన పని విషయంలో పట్టించుకోకపోవడం అనే మాటే రాకూడదు.

వస్తువు కోసం, వంతు కోసం జరిగే తప్పులకు ఎక్కువ ఆలోచన అవసరం లేదు. లాక్కున్నది తిరిగి ఇవ్వాలి, తోసుకుని వచ్చినవాడు వరుస చివరికి వెళ్లాలి. శరీరపు ఊరట కోసం చేసేవాటిలో చాలా వాటికి పర్యవసానమే అక్కరలేదు. కాలు ఊపుకుంటూ లెక్క సరిగ్గా చేసే పిల్లను ఊపవద్దని ఆపడం వల్ల ఆ లెక్క కూడా ఆగిపోవచ్చు.

ఎంత పెద్ద పర్యవసానం ఉండాలన్న ప్రశ్న ఇప్పుడు వస్తుంది. నేరాలను ఆపేది శిక్ష క్రూరత్వం కాదని, అది తప్పక పడుతుందన్న నమ్మకమని ఇటలీకి చెందిన చెజారె బెక్కరియా 1764లోనే రాశాడు. ఆయన రాసింది రాజ్యాల న్యాయస్థానాల గురించే అయినా, తరగతి గదిలో అది మరింత సూటిగా వర్తిస్తుంది. పెద్ద శిక్షను అమలు చేయడం టీచరుకు కష్టం. అందుకని మొదటిసారి బెదిరిస్తారు, రెండోసారి ‘ఇదే ఆఖరు’ అంటారు, మూడు, నాలుగు, అయిదుసార్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, ఆరోసారి సహనం నశించి పెద్ద శిక్ష వేస్తారు. విద్యార్థి దృష్టిలో అయిదుసార్లు ఏమీ కాలేదు, ఆరోసారి మాత్రం టీచరుకు ఎందుకో కోపం వచ్చింది. అతను నేర్చుకున్నది టీచరు మనఃస్థితిని కనిపెట్టడం తప్ప నియమాన్ని కాదు. దీనికి బదులు బెల్లు కొట్టాక రెండు నిమిషాలు ఆగి, తాను వృథా చేసిన సమయంలో రాయవలసిన రెండు వాక్యాలు రాసి వెళ్లడం అనే చిన్న పర్యవసానాన్ని తీసుకోండి. దాన్ని టీచరు ప్రతిసారీ, కోపం లేకుండా, ఉపన్యాసం లేకుండా అమలు చేయగలరు. మిత్రులందరూ బయటికి పరుగెత్తుతుంటే ఆ రెండు నిమిషాలు పిల్లలకు చాలా పొడుగ్గానే ఉంటాయి. చిన్న పర్యవసానానికి మరో లాభం ఉంది: పొరపాటున నిరపరాధి మీద పడినా నష్టం చిన్నదే, సరిదిద్దుకోవచ్చు. మొదటి తప్పుకే నెలరోజుల ఆటలు రద్దు చేసినవాళ్ల చేతిలో రెండో తప్పుకు ఏమీ మిగలదు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని పిల్లవాడికి భయపడవలసినదీ ఏమీ ఉండదు.

తప్పుకూ పర్యవసానానికీ సంబంధం ఉండాలన్న ఆలోచన కూడా పాతదే. కిటికీ అద్దం పగలగొట్టిన పిల్లవాణ్ణి తిట్టకుండా ఆ గదిలోనే చలిగాలి తగిలేలా వదలమని 1762లో తత్వవేత్త రూసో రాశాడు. పనికి సహజంగా వచ్చే ఫలితమే గురువు అన్న ఆ వాదన వినడానికి బాగుంటుంది, కాని అదే రూసో, పిల్లవాడు మళ్లీ అద్దాలు పగలగొడితే కిటికీలు లేని చీకటి గదిలో మూసిపెట్టమనే దాకా వెళ్లాడు. సహజ ఫలితానికి రెండు పరిమితులున్నాయి: కొన్ని తప్పుల సహజ ఫలితం ప్రమాదకరం, చాలా తప్పుల సహజ ఫలితం అనుభవించేది తప్పు చేసినవాడు కాదు, పక్కవాడు. పక్కవాడి నోటుబుక్కు చింపితే సహజంగా నష్టపోయేది ఆ పక్కవాడే. అందుకే పెద్దలు కల్పించుకుని సంబంధాన్ని ఏర్పాటు చేయవలసి వస్తుంది. 1932లో ప్రచురించిన పరిశోధనలో మనస్తత్వవేత్త జాఁ పియాజే దీన్ని బాగా విడదీశాడు. ఒక రకం శిక్షలో తప్పుకూ బాధకూ సంబంధం ఉండదు, తప్పు బరువుకు సరిపడా నొప్పి కలిగితే చాలు. రెండో రకంలో పర్యవసానం తప్పు స్వభావం నుంచే పుడుతుంది. అబద్ధం చెప్పినవాడి మాటను కొంతకాలం నమ్మలేకపోవడం, పాడుచేసినవాడు బాగుచేయడం వంటివి. చిన్నపిల్లలు ఎంత కఠినమైతే అంత న్యాయమని మొదటి రకాన్ని ఎంచుకునేవారని, వయసు పెరిగేకొద్దీ రెండోదాన్ని న్యాయంగా భావించేవారని ఆయన గమనించాడు. ఒక టీచరుగా ఆలోచిస్తే ఇందులో గట్టి సూచన ఉంది: పెద్ద తరగతుల పిల్లలు సంబంధం లేని శిక్షను ఎదిరించడం వాళ్ల పొగరు కాకపోవచ్చు, వాళ్ల న్యాయబుద్ధి ఎదిగిందనడానికి గుర్తు కావచ్చు.

చింపిన నోటుబుక్కులోని పాఠాలను తిరిగి రాసి ఇవ్వడం, గోడ మీద గీసినదాన్ని తుడవడం, నలుగురి ముందు అవమానించిన మాటను ఆ నలుగురి ముందే వెనక్కి తీసుకోవడం, ప్రయోగశాలలో పరికరాలతో ఆడుకున్నవారు వాటిని వాడే పద్ధతి చెప్పి చూపించాకే మళ్లీ తాకడం, ఇవన్నీ సంబంధమున్న పర్యవసానాలు. అయితే సంబంధం ఉంది కదా అని ప్రతిదీ మంచిదై పోదు. గోడ తుడిపించడం ఒక ఎత్తు, పక్క తరగతులవాళ్లు చూసి నవ్వేలా విరామ సమయంలో తుడిపించడం మరో ఎత్తు. అప్పుడు అక్కడ జరిగేది బాగుచేయడం కాదు, పరువు తీయడం. క్షమాపణ విషయంలోనూ ఇంతే. బలవంతంగా పలికించిన ‘సారీ’ ఎదుటివాడికి ఊరట ఇవ్వదు, పలికినవాడికి పగ పెంచుతుంది. ‘నువ్వు చేసినదానివల్ల వాడికి ఏం నష్టమైంది, దాన్ని ఎలా పూడుస్తావు?’ అని అడిగి, వాడు తేల్చుకోవడానికి ఒక పూట వ్యవధి ఇవ్వడం మేలు.

జరిమానాల గురించి ఒక హెచ్చరిక అవసరం. యూరి గ్నీజీ, ఆల్డో రుస్తిచీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో 10 శిశు సంరక్షణ కేంద్రాలను 20 వారాలపాటు గమనించి, వాటిలో ఆరింటిలో, పిల్లలను తీసుకువెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గలేదు, పెరిగారు. జరిమానా ఎత్తివేశాక కూడా ఆ సంఖ్య వెనక్కి రాలేదు. అంతవరకూ ఆలస్యమైతే ‘పాపం, టీచరు మన కోసం ఆగారు’ అనే సంకోచం ఉండేది. జరిమానా దాన్ని ఒక ధరగా మార్చింది, ధర చెల్లించాక సంకోచపడవలసిన పని లేదు. బడిలో ‘ఇన్నిసార్లు మాట్లాడితే ఇన్ని మార్కులు కోత’, ‘హోంవర్క్ తేకపోతే ఇన్నిసార్లు ఇంపోజిషన్’ అనే పట్టికలు కూడా ఇలాగే ధరల జాబితాలుగా మారిపోవచ్చు. ఇంపోజిషన్‌తో మరో నష్టం కూడా ఉంది: రాయడాన్ని శిక్షగా వాడిన బడి, మర్నాడు అదే పిల్లవాణ్ణి ఇష్టంగా రాయమని అడగవలసి వస్తుంది. మార్కుల కోత ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే మార్కు చెప్పవలసినది పిల్లవాడికి ఏం వచ్చు అన్న సంగతి మాత్రమే.

దెబ్బల గురించి ఎక్కువ చెప్పవలసిన అవసరం లేకపోవలసింది, కాని ‘దండం దశగుణం భవేత్’ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. 2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 75 అధ్యయనాలను, వాటిలోని 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలను కలిపి విశ్లేషించారు. అవి ఇంట్లో తల్లిదండ్రుల దెబ్బల గురించినవి. వాటిలో దెబ్బలు మంచి ప్రవర్తనతో ముడిపడినట్టు తేలలేదు, దూకుడు, మానసిక సమస్యలు వంటి చెడు ఫలితాలతోనే ముడిపడి కనిపించాయి. బడిలో క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలగని రీతిలో ఉండాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 28వ అధికరణం చెబుతోంది. దెబ్బ తగలగానే గది నిశ్శబ్దమవుతుందన్నది నిజమే. ఆ నిశ్శబ్దాన్ని చూసే మోసపోతున్నామన్నదీ నిజమే.

ఒకరి తప్పుకు తరగతి అంతటినీ శిక్షించడం అత్త మీది కోపం దుత్త మీద చూపడమే. తోటివారి ఒత్తిడి తప్పు చేసినవాణ్ణి మారుస్తుందన్నది దాని వెనుక ఉన్న ఆశ. ఆచరణలో ఆ ఒత్తిడి, పెద్దల కళ్లు లేనిచోట వేధింపుగా మారుతుంది, తప్పు చేయని ముప్పైమందికి మంచిగా ఉండి లాభం లేదని తెలుస్తుంది.

సస్పెన్షన్ సంగతి ఇంత సులభంగా తేలదు. ఇతరులకు దెబ్బలు తగిలే ప్రమాదం ఉన్నప్పుడు ఒకరిని వెంటనే వేరుచేయవలసి వస్తుంది, అందులో వాదన లేదు. కాని అది రక్షణ చర్య, దాన్ని బోధనగా పొరబడకూడదు. బడికి రావడమే ఇష్టంలేని విద్యార్థికి ‘మూడు రోజులు రావద్దు’ అనడం ఎలాంటి శిక్షో పైన చెప్పిన లెక్కల పీరియడ్ ఉదాహరణే చెబుతుంది. అమెరికాలో, తప్పు ఏదైనా ముందే నిర్ణయించిన కఠిన శిక్ష తప్పదనే విధానాలను పరిశీలించిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కార్యదళం, వాటివల్ల బడులు మరింత సురక్షితమయ్యాయనడానికి ఆధారం కనిపించలేదని 2008లో నివేదించింది. దానికి ఎదురుగా మరో ఫలితం ఉంది. 2016లో జేసన్ ఒకోనోఫువా, ఆయన సహచరులు కాలిఫోర్నియాలోని అయిదు మాధ్యమిక పాఠశాలల్లో, విద్యార్థి కోణం నుంచి ఆలోచించి, సంబంధం తెగకుండా క్రమశిక్షణ పాటించడం గురించి లెక్కల టీచర్లకు ఒక చిన్న ఆన్‌లైన్ అభ్యాసం ఇచ్చారు. మరో అంశంపై అభ్యాసం చేసిన టీచర్ల విద్యార్థుల్లో ఆ ఏడాది 9.6 శాతం మంది సస్పెండ్ కాగా, ఈ టీచర్ల విద్యార్థుల్లో 4.8 శాతం మందే అయ్యారు. నియమాలు మారలేదు, పిల్లలూ అటువంటివారే. మారినది టీచరు మనసులోని ప్రశ్న.

అందరూ వలయంగా కూర్చుని నష్టం గురించి మాట్లాడుకుని దాన్ని పూడ్చే పద్ధతులపై కూడా ఈమధ్య చాలా ఆశలు పెట్టుకున్నారు. నాకూ వాటిమీద గౌరవం ఉంది, అందుకే పూర్తి చిత్రం చెప్పడం అవసరమనుకుంటాను. పిట్స్‌బర్గ్ నగరంలో 44 పాఠశాలల మీద రెండేళ్లు జరిగిన ప్రయోగ ఫలితాలను రాండ్ అనే పరిశోధన సంస్థ 2018లో ప్రచురించింది. సస్పెన్షన్ రోజులు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైందని టీచర్లు చెప్పారు. కాని ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల చదువు ఫలితాలు మెరుగుపడకపోగా తగ్గాయి. ఒక పద్ధతి మంచి ఉద్దేశంతో పుట్టినంత మాత్రాన దాన్ని ఫలితాన్నిబట్టి తూచకుండా వదలకూడదు. ముఖ్యంగా ఒకరు మరొకరిని కొన్నాళ్లుగా వేధిస్తున్న సందర్భాల్లో, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడం ప్రమాదకరం. అక్కడ ఇద్దరి బలాలు సమానం కావు. బాధపడినవారి భద్రత ముందు, వారి ఇష్టం తరువాత, ముఖాముఖి అన్నది ఆ రెండూ కుదిరాకే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఎదురవుతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పర్యవసానమైతే పిల్లలు పక్షపాతం అనరా? అంటారు. కాబట్టి నియమాలు, ‘ఇది ఆమోదించం’ అనే హద్దు, తప్పు చేస్తే స్పందన తప్పదన్న హామీ అందరికీ ఒకటే ఉండాలి, అవి సంవత్సరం మొదట్లోనే తెలియాలి. ఆ హద్దు దాటినవారిని వెనక్కి తెచ్చే దారి మాత్రం మనిషినిబట్టి మారవచ్చు. పిల్లలు ఈ తేడాను మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు. వాళ్లు సహించలేనిది వేరు: ఒకే పని మంచి మార్కులవాడు చేస్తే చిలిపితనం, పేరుపడ్డవాడు చేస్తే నేరం కావడం. ఆ తేడా చాలాసార్లు మనకు తెలియకుండానే జరుగుతుంది కనుకనే, ‘నాకు బాగా ఇష్టమైన విద్యార్థి ఇదే పని చేసి ఉంటే ఏం చేసేవాణ్ణి?’ అని పర్యవసానం ప్రకటించే ముందు ఒక్కసారి అడిగి చూసుకోవాలి. ఏకాగ్రత లోపం, ఆటిజం వంటి స్థితులున్న పిల్లల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. చేయగలిగీ చేయని పనికి పర్యవసానం పనికొస్తుంది, చేయలేని పనికి పర్యవసానం ఎంత పెంచినా ఆ సామర్థ్యం పుట్టదు. దాన్ని నేర్పాలి, లేదా పరిసరాన్ని మార్చాలి.

పర్యవసానాల మీద ఇంత ఆలోచించాక కూడా వాటి చోటు చిన్నదే. జేకబ్ కూనిన్ 1970లో ప్రచురించిన పరిశీలనల్లో, తరగతిని బాగా నడిపే టీచర్లకూ నడపలేనివారికీ మధ్య, తప్పు జరిగాక స్పందించే తీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా అంతా అంతకుముందే ఉంది: గది నలుమూలలా ఏం జరుగుతోందో తనకు తెలుసని పిల్లలకు తెలిసేలా ఉండటం, ఒక పని నుంచి మరో పనికి తడబాటు లేకుండా నడిపించడం, పాఠాన్ని ఆగకుండా సాగించడం. ఒక పీరియడ్‌లో పదిమందికి పర్యవసానాలు అవసరమైతే, చూడవలసినది ఆ పీరియడ్‌లో ఇచ్చిన పనిని.

చివరిగా, ఎంపిక ఎంత సరైనదైనా దాన్ని పాడుచేసే సమయం ఒకటుంది, అది పర్యవసానం ముగిసిన తరువాతి అయిదు నిమిషాలు. తిరిగి వచ్చి కూర్చున్న విద్యార్థిని ‘ఇప్పటికైనా బుద్ధి వచ్చిందా?’ అని అడిగితే శిక్ష ముగియలేదని అర్థం, ముగియని శిక్షకు అతను మళ్లీ బదులు తీర్చుకుంటాడు. ఆ అయిదు నిమిషాల్లో అతణ్ణి పేరుపెట్టి పిలిచి, తప్పుతో సంబంధం లేని మామూలు పని ఒకటి అప్పగించాలి: ఈ కాగితాలు పంచు, నాలుగో పంక్తి చదువు. ఇక రిజిస్టరులో తేదీ, పేరు, తప్పు, శిక్ష అనే గళ్ల పక్కన మరో రెండు గళ్లు గీయవచ్చు: ‘ఇందువల్ల అతనికి ఏం దొరికింది’, ‘మూడు వారాల తరువాత ఎలా ఉంది’. రెండో గడిలో ‘అలాగే ఉంది’ అని రాయవలసి వస్తే, మొదటి గడిలో రాసినదాన్ని మళ్లీ ఒకసారి చదవాలి.